తాసిల్దారు సంతకం బ్రహ్మరాత కాదు

మన వాడల్లో ఒక మాట పాతుకుపోయింది. ‘ఆఫీసోళ్ళు రాసేశారు, ఇంక అయిపోయింది’ అని. పట్టా రద్దు చేస్తే అయిపోయింది. రేషన్ కార్డు కొట్టేస్తే అయిపోయింది. కులం సర్టిఫికెట్ ఇయ్యమని చెప్తే అయిపోయింది. నుదుటి మీద బ్రహ్మ రాశాడన్న రాతను మనం అంబేద్కర్ చదువుతో చెరిపేసుకున్నాం. కానీ ఆకుపచ్చ సిరాతో ఒక ఆఫీసరు రాసిన రాతను మాత్రం ఇంకా బ్రహ్మరాతగానే మోస్తున్నాం. ఇది మారాలి. ఆఫీసులో జరిగే విచారణ మీద వచ్చే ఏ ఉత్తర్వూ పుట్టుకతో తుది ఉత్తర్వు కాదు. దాన్ని తుది ఉత్తర్వు చేసేది ఎక్కువ సార్లు న్యాయం కాదు, మన మౌనం. చట్టం ఇచ్చిన గడువు దాటేదాకా మనం కూర్చుంటే, అన్యాయంగా రాసిన కాగితం కూడా రాయి మీద చెక్కినట్టు నిలబడిపోతుంది.

ఈసారి సంపాదకీయం అందుకే దీని మీద. ఉద్యమం అంటే ఊరేగింపు, ధర్నా, బహిరంగ సభ అని మనకు బాగా తెలుసు. గడువు లోపల వేసిన అప్పీలు కూడా ఉద్యమమేనని ఇప్పుడైనా తెలుసుకోవాలి. బొజ్జా తారకం ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అనే పుస్తకం రాసి, పోలీసు జీపు ముందు వణికే మనిషి చేతికి చట్టాన్ని మామూలు తెలుగులో అందించారు. నోటీసు వస్తే ఏం చెయ్యాలో కూడా అదే విధంగా వాడవాడకీ చేరాలి. జీపు వస్తే ఊరంతా చూస్తుంది, నలుగురు పోగవుతారు. నోటీసు చప్పుడు లేకుండా వస్తుంది. భూమిని కూడా చప్పుడు లేకుండానే తీసుకుపోతుంది.

ఒక్క ఎకరం మీద ఎన్ని సంతకాలు

భూమి సంగతే తీసుకుందాం. మనోళ్ళకు ఉన్న భూమిలో ఎక్కువ భాగం సర్కారు ఇచ్చినదే. కోస్తాలో డి-ఫారం పట్టా అంటారు, రాయలసీమలో డి.కె.టి. పట్టా అంటారు, తెలంగాణలో లావణి పట్టా అంటారు. పేరేదైనా అది అసైన్డ్ భూమి. ఆ భూమి పేదోడి చెయ్యి జారిపోకుండా 1977లో ఆంధ్రప్రదేశ్ అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం, అంటే 9వ నంబరు చట్టం, వచ్చింది. అమ్మకూడదు, కొనకూడదు అన్నది దాని మూల సూత్రం. (ఆంధ్రప్రదేశ్‌లో 2023లో చేసిన సవరణ ఇరవై ఏళ్ళు దాటిన అసైన్‌మెంట్ల విషయంలో దీన్ని సడలించింది.) ఎవరైనా కొంటే ఆ కొన్నవాణ్ణి ఖాళీ చేయించి, భూమిని మొదటి పట్టాదారుకో, అతని వారసులకో తిరిగి ఇవ్వాలి. అది వీలుకాకపోతేనే సర్కారు తీసుకుని వేరే భూమిలేని పేదలకు ఇవ్వాలి. 4వ సెక్షన్ మూలంలో చెప్పింది ఇదీ.

పేదోడి కోసం పుట్టిన ఈ సెక్షనే చాలా చోట్ల పేదోడి మీదికే తిరిగింది. ‘నువ్వు సాగు చెయ్యడం లేదు’, ‘నువ్వు అమ్ముకున్నావు’, ‘షరతు ఉల్లంఘించావు’ అని ఒక కాగితం రాస్తారు. పక్కన రోడ్డు పడుతుందన్నప్పుడో, ఫ్యాక్టరీ వస్తుందన్నప్పుడో, ఊరి పెద్దకులపోడి చూపు పడ్డప్పుడో ఆ కాగితానికి కాళ్ళొస్తాయి. వలస పోయిన మనిషి ఇంటి గోడకు నోటీసు అంటించి, పంచనామా రాసి, ‘విచారణకు రాలేదు’ అని ముగిస్తారు. ఆ మనిషి సంక్రాంతికో, ఉగాదికో తిరిగొచ్చేసరికి పొలం గట్టు మీద ప్రభుత్వ భూమి అని బోర్డు ఉంటుంది. అడిగితే, ‘ఆర్డరైపోయింది, ఫైనలైపోయింది’ అంటారు.

ఫైనల్ అనే ఆ ఒక్క మాట వెనక ఏముందో విప్పి చూడాలి.

విచారణ అంటే పిలిచి కూర్చోబెట్టడం కాదు

తాసిల్దారు కుర్చీ ఒకటే, పనులు రెండు. సర్టిఫికెట్ ఇవ్వడం, లెక్కలు పంపడం, ఎన్నికలు జరపడం పరిపాలన పని. ఒక మనిషి హక్కు ఉందా పోయిందా అని తేల్చడం న్యాయమూర్తి పని లాంటిది. ఈ రెండో పని చేసేటప్పుడు అతను జిల్లా కలెక్టరు చెప్పినట్టు వినే కింది ఉద్యోగి కాదు, రెండు పక్షాలూ విని తేల్చాల్సిన మనిషి. అందుకే ఆ ఉత్తర్వుకు కొన్ని కట్టుబాట్లున్నాయి. వీటినే సహజ న్యాయ సూత్రాలంటారు.

మొదటిది నోటీసు. ఏ సర్వే నంబరు, ఎంత విస్తీర్ణం, ఏ తప్పు, ఏ చట్టం కింద చర్య తీసుకుంటారు, ఎప్పటిలోగా జవాబు చెప్పాలి అన్నది అందులో ఉండాలి. ‘మీ భూమి విషయమై హాజరు కావలెను’ అని ఒక్క ముక్క రాస్తే అది నోటీసు కాదు, సమన్ల వేషం వేసిన బెదిరింపు.

రెండోది, చెప్పుకునే అవకాశం. మన మీద ఏ రిపోర్టు ఆధారంగా చర్య తీసుకుంటున్నారో ఆ రిపోర్టు కాపీ మనకివ్వాలి. సర్వేయరు రిపోర్టు, ఊరి రెవెన్యూ ఉద్యోగి రిపోర్టు తాసిల్దారు సొరుగులో దాచి, మనల్ని మాత్రం ‘నీకేమన్నా చెప్పుకునేదుందా’ అంటే, కళ్ళకు గంతలు కట్టి కర్రసాము చెయ్యమన్నట్టే.

మూడోది, విన్నవాడే తేల్చాలి. ఈ సూత్రాన్ని సుప్రీం కోర్టు గట్టిగా చెప్పింది మన కృష్ణా జిల్లా కేసులోనే. బస్సు రూట్లను ప్రభుత్వం తీసుకునేటప్పుడు అభ్యంతరాలను విన్నది శాఖ కార్యదర్శి, తేల్చింది ముఖ్యమంత్రి. ఒకరు విని మరొకరు తేలిస్తే ఆ విచారణ ఒట్టి తంతు అని 1958లో గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసులో కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. కేసు వేసింది బస్సుల యజమాని, కూలోడు కాదు. అయినా ఆ సూత్రం ఒక్క యజమానులదే కాదు. మన వాదన విన్న తాసిల్దారు బదిలీ అయిపోయి, కొత్తగా వచ్చినాయన మన ముఖం చూడకుండా ఆర్డరు రాస్తే ఇదే తీర్పు మనకూ పనికొస్తుంది.

నాలుగోది, కారణాలు. ‘రికార్డులు పరిశీలించడమైనది, అభ్యంతరాలు సంతృప్తికరంగా లేవు’ అని రాస్తే చాలదు. ఎందుకు లేవో రాయాలి. కారణాలు రాయడం కూడా సహజ న్యాయంలో భాగమేనని 1990లో ఎస్.ఎన్. ముఖర్జీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఉత్తర్వులో లేని కారణాలను తర్వాత కోర్టులో అఫిడవిట్ వేసి అతికించడం కుదరదని 1977లో మొహిందర్ సింగ్ గిల్ కేసులో చెప్పింది. సమాచార హక్కు చట్టం 2005లోని 4వ సెక్షన్ కూడా, ఇట్లాంటి నిర్ణయాలకు కారణాలను బాధితులకు తెలపాలని ప్రభుత్వ కార్యాలయాలను ఆదేశిస్తోంది. కాబట్టి కారణం అడగడం ధిక్కారం కాదు, హక్కు.

‘తుది’ అనే మాటకు మూడు అర్థాలు

ఒక ఉత్తర్వు మూడు దారుల్లో తుది ఉత్తర్వు అవుతుంది. మూడింటినీ విడదీసి చూడకపోతే మోసపోతాం.

ఒకటి, గడువు దాటిపోవడం వల్ల. చట్టాన్ని బట్టి అప్పీలు గడువు 30 రోజులో, 60 రోజులో, 90 రోజులో ఉంటుంది. ఆ లోపల ఎవరూ కదలకపోతే ఉత్తర్వు గట్టిపడుతుంది. రెండు, పై మెట్లన్నీ ఎక్కి ఓడిపోవడం వల్ల. అదే విషయం మీద, అదే మనుషుల మధ్య మళ్ళీ మొదటి నుంచి విచారణ పెట్టమంటే పెట్టరు. మూడు, చట్టమే ‘ఈ ఉత్తర్వు తుది ఉత్తర్వు, ఏ కోర్టులోనూ ప్రశ్నించరాదు’ అని రాయడం వల్ల.

ఈ మూడో దాన్ని చూపించే మనల్ని ఎక్కువగా భయపెడతారు. 1977 చట్టంలోనూ ఆ మాట ఉంది. అప్పీలు, రివిజన్లలో వచ్చే ఉత్తర్వులకు లోబడి తాసిల్దారు ఉత్తర్వు తుది ఉత్తర్వేనని, సివిల్ కోర్టు ఇంజంక్షన్ ఇవ్వకూడదని 4వ సెక్షన్‌లో రాశారు. ఈ మాటను మొదట పెట్టింది పేదోడి భూమి కొన్న పెద్దలు సివిల్ కోర్టుల్లో ఏళ్ళ తరబడి వాయిదాలు లాగకుండా ఉండేందుకు. ఇప్పుడు అదే వాక్యాన్ని పేదోడికి చూపిస్తున్నారు.

కానీ ఆ వాక్యానికి హద్దుంది. చట్టం చెప్పిన పద్ధతిని అధికారి పాటించకపోతే, న్యాయ విచారణ మూల సూత్రాలకు విరుద్ధంగా నడిస్తే, ఇట్లాంటి నిషేధం ఉన్నా సివిల్ కోర్టు తలుపు పూర్తిగా మూసుకుపోదని 1968లో ధూలాభాయ్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. ఇక హైకోర్టుకు 226వ అధికరణం కింద ఉన్న రిట్ అధికారాన్ని ఏ శాసనసభ రాసిన ‘తుది’ అనే మాటా తీసెయ్యలేదు. అది రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమని 1997లో ఎల్. చంద్రకుమార్ కేసులో ఏడుగురు న్యాయమూర్తులు తేల్చారు. రాజ్యాంగంలో అన్నిటికన్నా ముఖ్యమైన అధికరణం ఏదంటే, హక్కు పోయినవాడు నేరుగా సుప్రీం కోర్టుకు వెళ్ళే 32వ అధికరణమేనని బాబాసాహెబ్ 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో చెప్పారు. దానికి తోడబుట్టిందే 226. పరిహారం దొరకని హక్కు కాగితం పులి అని ఆయనకు తెలుసు. జీవితమంతా కాగితం మీద బావి నీళ్ళు తాగే హక్కుండి, బావి దగ్గరికెళ్తే దెబ్బలు తిన్న జాతి మనది.

ఇంకో మాట కూడా గుర్తు పెట్టుకోవాలి. చట్టం ప్రత్యేకంగా అధికారం ఇవ్వకపోతే, ఇట్లా విచారించి తేల్చిన అధికారి తన ఉత్తర్వును తానే తిరగదోడలేడు. 1970లో పటేల్ నర్సీ ఠాకర్షీ కేసు చెప్పింది ఇదే. అంటే మనకు అనుకూలంగా ఒకసారి విచారణ జరిపి పట్టా నిలబెట్టాక, కొత్త ఎమ్మెల్యే వచ్చాడనో కొత్త తాసిల్దారు వచ్చాడనో అదే ఆఫీసులో దాన్ని మళ్ళీ తవ్వలేరు. తవ్వితే పైవాడే తవ్వాలి, చట్టం చెప్పిన దారిలో తవ్వాలి. తుది అనే మాట మనకు ఎప్పుడూ శత్రువే కాదు. మన చేతిలో ఉంటే అది కంచె.

చెల్లని కాగితం కూడా దానంతటది చావదు

ఇక్కడే మనోళ్ళు ఎక్కువగా దెబ్బ తింటున్నారు. ‘నోటీసే ఇవ్వలేదు, ఆ ఆర్డరు చెల్లదు, మనకేంటి’ అని ధీమాగా ఇంట్లో కూర్చుంటారు. సంఘం నాయకులు కూడా మైకులో అదే చెప్తారు. ఆర్డరు చెల్లదన్న మాట నిజమే కావచ్చు. కానీ చెల్లదని ఎవరో ఒకరు, అధికారం ఉన్నచోట, గడువు లోపల, చెప్పించాలి. 1991లో పంజాబ్ ప్రభుత్వం, గురుదేవ్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు ఇదే చెప్పింది. ఉద్యోగం నుంచి తీసేసిన ఉత్తర్వు చెల్లదని ప్రకటించమని అడిగేవాడు కూడా కాలపరిమితి లోపలే రావాలంది. చెల్లని కాగితం నుదుటి మీద ‘నేను చెల్లను’ అని రాసి ఉండదు. ఎవరూ కొట్టెయ్యనంత కాలం అది చెల్లుబాటైన కాగితం లాగానే నడుస్తుంది. ఆ కాగితం మీద కొత్త పట్టాలు పుడతాయి, బ్యాంకు అప్పులు పుడతాయి, ప్లాట్లు పుడతాయి.

డబ్బున్నోడికీ ఈ లెక్క తప్పదు. కాకినాడ పన్నుల అధికారి మీద ఒక పెద్ద కంపెనీ వేసిన కేసులో 2020లో సుప్రీం కోర్టు ఏమందంటే, అప్పీలు గడువూ దాటి, ఆ పైన మన్నించదగ్గ అదనపు గడువూ దాటాక, రిట్ పేరుతో హైకోర్టు తలుపు తడితే మామూలుగా తెరవకూడదని. లాయర్ల మంద ఉన్న కంపెనీకే ఆ గతి పడితే, ఎండలో పత్తి ఏరుకునే మనకు ఎవరు మినహాయింపిస్తారు?

కాలం అందరికీ సమానమని చట్టం అంటుంది. కానీ కాలం అందరి ఇంట్లో ఒకే తీరుగా నడవదు. ఊళ్ళో ఉన్నోడికి ఆర్డరు రాయకముందే కబురందుతుంది. వాడలో ఉన్నోడికి ట్రాక్టరు పొలంలో దిగాక తెలుస్తుంది. ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘం కేసు చూడండి. తెలంగాణ ప్రాంత కౌలుదారీ చట్టం కింద భూముల బదిలీలను క్రమబద్ధం చేస్తూ ఇచ్చిన సర్టిఫికెట్లను కలెక్టరు ‘ఏ సమయంలోనైనా’ తానుగా తిరిగి పరిశీలించవచ్చని చట్టంలో రాసి ఉంది. ఆ మాట పట్టుకుని కూలీ సంఘం సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. ఏ సమయంలోనైనా అంటే సహేతుకమైన కాలంలోనే అని అర్థమని, మోసం జరిగి ఉంటే అది బయటపడ్డ నాటి నుంచి సహేతుకమైన కాలమని 2003లో కోర్టు తేల్చింది. కూలీ సంఘం ఓడిపోయింది. ఏళ్ళు గడిచాయన్న ఒక్క కారణం చాలు, భూములున్నోళ్ళ కాగితాలు ఇనుపకోటలైపోయాయి.

ఈ తీర్పు మనకు చేదు. కానీ దీన్ని తిప్పి పట్టుకోవడం కూడా నేర్చుకోవాలి. ముప్పై ఏళ్ళు శిస్తు కట్టి దున్నుకుంటున్న మాలమాదిగ రైతు దగ్గరికొచ్చి ‘నీ పట్టా అప్పుడే తప్పు’ అని ఇప్పుడు తవ్వే అధికారిని, ఇన్నేళ్ళూ ఎక్కడున్నావని అదే తీర్పు చూపించి అడగాలి. భూస్వామికి కాలం కంచె అయినప్పుడు, మనకెందుకు కాదు?

గడువు ఎప్పటి నుంచి లెక్క?

ఇది తెలిస్తే సగం కేసు తెలిసినట్టే. ఉత్తర్వు మీద వేసిన తేదీ నుంచి కాదు, అది మనకు చేరిన రోజు నుంచో, అందులో ఏముందో మనకు తెలిసిన రోజు నుంచో లెక్క. 1961లో సుప్రీం కోర్టు ఈ మాట చెప్పింది ఉత్తరప్రదేశ్‌లోని ఒక రాజా గారి భూమి విషయంలో. భూసేకరణ అవార్డు మీద 1951లోనే సంతకం పడింది, ఆయనకు 1953లో గానీ తెలియలేదు. ఆఫీసు గదిలో సంతకం పెట్టి ఫైల్లో పెట్టుకుంటే అవార్డు అయినట్టు కాదని, ఎవరి హక్కు పోతుందో వాళ్ళకు తెలిసినప్పుడే గడువు మొదలవుతుందని కోర్టు చెప్పింది. ఆ మరుసటి ఏడాది బచ్చిత్తర్ సింగ్ కేసులో, ఫైలులో రాసుకున్న నోట్ సంబంధిత వ్యక్తికి తెలియజేసేదాకా ఉత్తర్వే కాదంది. రాజు కోసం పుట్టిన న్యాయాన్ని వాడకు తెచ్చుకోవడం మన పని.

ఒకవేళ గడువు దాటినా నోరు మూసుకోవద్దు. చాలా చట్టాల్లో జాప్యాన్ని మన్నించే వీలుంది. ఆలస్యానికి కారణం రాసి, ఆధారం జతచేసి, అప్పీలుతో పాటే వేరే పిటిషన్ పెట్టాలి. సాంకేతిక కారణంతో న్యాయాన్ని బయటికి నెట్టకూడదని 1987లో కాటిజీ కేసులో సుప్రీం కోర్టు చెప్పిన మాట దీనికి అండ. వలస పోయామన్నది, ఆసుపత్రిలో ఉన్నామన్నది, నోటీసు చదవడం రాదన్నది చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన విషయాలు కావు. అవి మన బతుకు నిజాలు.

ఎక్కాల్సిన మెట్లు

అసైన్డ్ భూమి కేసులో తాసిల్దారు ఉత్తర్వు మీద ఆర్డీవోకి అప్పీలు. ఆ పైన కలెక్టరు ఉన్నాడు, రివిజన్ ఉంది. అప్పీలు వేసినంత మాత్రాన కింది ఉత్తర్వు ఆగదు. ఈ మాట పది సార్లు చదవండి. ఆపమని స్టే కోసం విడిగా అడగాలి. అప్పీలు వేసి స్టే అడగని వాళ్ళ పొలాల్లో పొక్లెయిన్లు దిగిన తర్వాత గెలిచినా మిగిలేది గుంతే.

పై మెట్టు దగ్గర మేలు జరగకపోతే హైకోర్టు. మామూలుగా హైకోర్టు ముందు అప్పీలు చూసుకు రమ్మంటుంది. కానీ విచారణే జరపకపోతే, అధికారం లేనివాడు ఉత్తర్వు ఇస్తే, ప్రాథమిక హక్కు దెబ్బతింటే నేరుగా రావచ్చని 1998లో వర్ల్‌పూల్ కేసు చెప్పింది. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. రిట్‌లో హైకోర్టు చూసేది ఉత్తర్వు పుట్టిన పద్ధతిని. పొలం ఎవరు దున్నారు, గట్టు ఎక్కడుంది అని మళ్ళీ సాక్షుల్ని పిలిచి చూడదు. అందుకే నిజాలన్నీ మొదటి విచారణలోనే కాగితం మీద పడాలి. తాసిల్దారు దగ్గర నోటితో చెప్పిన వంద మాటలు హైకోర్టులో సున్నా. రాసిచ్చిన ఒక్క పేజీయే మన నోరు.

ఈ మెట్లను అసలే లేకుండా చేస్తే ఏమవుతుందో తెలంగాణ చూసింది. 2020లో వచ్చిన కొత్త పట్టాదారు పాసుపుస్తకాల చట్టం రెవెన్యూ కోర్టులను ఎత్తేసింది. పెండింగులో ఉన్న 16 వేలకు పైగా కేసులు ప్రత్యేక ట్రిబ్యునళ్ళకు పోయాయి. కక్షిదారులను పిలవకుండా ఫైలు చూసి తేల్చేస్తున్నారన్న ఫిర్యాదు హైకోర్టుకు చేరితే, వాళ్ళకు చెప్పుకునే అవకాశం ఇవ్వాల్సిందేనని 2021లో కోర్టు చెప్పాల్సి వచ్చింది. ధరణిలో పేరు తప్పు పడితే అప్పీలు లేదు, సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. ఎకరం ఉన్నోడు సివిల్ కోర్టుకు పోతే ఆ ఎకరం లాయరు ఫీజుకే పోతుంది. చివరికి భూభారతి చట్టంతో అప్పీలు మెట్లు మళ్ళీ వచ్చాయి. అది అమల్లోకి వచ్చింది 2025 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి నాడు. రోజు బాగుంది. ఆ మెట్ల మీద వాడ మనిషి కాలు పడుతుందా లేదా అన్నదే అసలు పరీక్ష.

పోరాడితే ఏమొస్తుందని అడిగేవాళ్ళకు ఒక జవాబుంది. అసైన్డ్ భూమిని ప్రజా ప్రయోజనం పేరుతో తీసుకున్నప్పుడు, ‘అది సర్కారు ఇచ్చిందే కదా’ అని చిల్లర విదిలించే రోజులుండేవి. చేవెళ్ళ భూసేకరణ అధికారి, మేకల పండు కేసులో 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం, అసైనీలకు కూడా పూర్తి యజమానులతో సమానంగా పరిహారం ఇవ్వాలని చెప్పింది. ఆ తీర్పు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆఫీసు లెక్కే ఆఖరి లెక్క కాదని పట్టుబట్టి నిలబడ్డందుకు వచ్చింది.

వాడలో చెయ్యాల్సిన పని

నోటీసు వస్తే తీసుకోండి. కోపంతో తిప్పి పంపితే ‘అందినట్టే’ రాసుకుంటారు. అందుకున్న తేదీ, సమయం మీ చేత్తో రాసి సంతకం పెట్టండి. ఖాళీ కాగితం మీద వేలిముద్ర ఎవరడిగినా వెయ్యొద్దు. జవాబు రాసి రెండు కాపీలు తీసుకెళ్ళండి. ఒకటి తపాలా సెక్షన్‌లో ఇచ్చి, రెండోదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, సీలు వేయించుకోండి. వెయ్యమంటే స్పీడ్ పోస్టులో పంపండి. పాత పట్టా, పహాణీ లేక అడంగల్ నకలు, శిస్తు రసీదులు, కరెంటు బిల్లు, బ్యాంకు పాసుబుక్కు, ఏది ఉంటే అది జతచెయ్యండి. విచారణ రోజు ఒక్కరే పోవద్దు. సంఘం నుంచి చదువుకున్న పిల్లో పిల్లాడో తోడుండాలి.

ఉత్తర్వు వచ్చిన రోజే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి. 2005 నాటి ఆంధ్రప్రదేశ్ నిబంధనల్లో గ్రామ స్థాయిలో రుసుం లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లో రెండో అప్పీలు. అయితే ఆ జవాబు కోసం ఎదురు చూస్తూ అసలు అప్పీలు గడువు పోగొట్టుకోవద్దు. లాయరుకు డబ్బుల్లేవా? 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డ్ కులాలు, తెగల వాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలి. మండల కమిటీ దగ్గర, జిల్లా సంస్థ దగ్గర, హైకోర్టు కమిటీ దగ్గర కులం సర్టిఫికెట్ చూపి అడగండి. అది భిక్ష కాదు.

ఒక్కో వాడకూ ఒక నోటు పుస్తకం పెట్టండి. ఎవరికి ఏ నోటీసు వచ్చింది, ఎప్పుడు వచ్చింది, జవాబు ఎప్పుడు, ఉత్తర్వు ఎప్పుడు, అప్పీలు ఆఖరి రోజు ఎప్పుడు అన్నది అందులో రాయండి. కరణం లెక్కలు రాసి తరతరాలు మనల్ని పాలించాడు. మన లెక్క మనం రాసుకునే రోజు ఇది.

ప్రభుత్వాలను అడిగేది

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకూ మా డిమాండ్లు నాలుగే. హక్కు పోయే ఏ ఉత్తర్వయినా తెలుగులో ఉండాలి. ఆ ఉత్తర్వు కిందనే ఎవరికి, ఎన్ని రోజుల్లో అప్పీలు చేసుకోవాలో పెద్దక్షరాల్లో అచ్చు వెయ్యాలి. అప్పీలు గడువు పూర్తయ్యేదాకా, అప్పీలు వేస్తే స్టే దరఖాస్తు తేలేదాకా, మనిషిని భూమి మీది నుంచి కదల్చకూడదు. వలస పోయినోళ్ళ విషయంలో గోడకు అంటించడంతో సరిపెట్టకుండా వాడలో దండోరా వేయించి, కుటుంబంలో ఒక్కరికైనా చేతికి ఇవ్వాలి. వీటిలో ఒక్కదానికీ కోట్లు అక్కర్లేదు. ఇవ్వాలన్న మనసుంటే రేపే ఇవ్వొచ్చు. ఇవ్వకపోతే, మనం తెలుసుకోకుండా ఉండటమే వాళ్ళకు కావాలని అర్థం.

తాసిల్దారు రాసింది ఆర్డీవో కొట్టెయ్యొచ్చు. ఆర్డీవో రాసింది కలెక్టరు కొట్టెయ్యొచ్చు. కలెక్టరు రాసింది హైకోర్టు కొట్టెయ్యొచ్చు. ఏ మెట్టు మీదా కొట్టెయ్యలేనిది ఒక్కటే, గడువు దాటిన మన మౌనం. ఈ పత్రిక చదివిన ప్రతి ఒక్కరూ ఈ పక్షంలో కనీసం ఒక ఇంటికెళ్ళి, ట్రంకు పెట్టె అడుగున మడతపెట్టి దాచిన నోటీసు ఏదైనా ఉందేమో అడగండి. తీయించి చదవండి. తేదీ చూడండి. ఇంకా రోజులుంటే ఈరోజే అప్పీలు రాయండి. రోజుల్లేకపోతే, ఎందుకు ఆలస్యమైందో రాసి అప్పీలుకు జతచెయ్యండి.